వెయ్యి అడుగుల గీత: ఒక పటం తయారీ డైరీ

జనవరి 4, శనివారం

మా ఊరి గ్రంథాలయంలో ఏటా ఫిబ్రవరి నెలంతా నల్లజాతి చరిత్ర ప్రదర్శన జరుగుతుంది. ఈసారి ఒక బల్ల, దాని వెనకున్న గోడ మాకు ఇచ్చారు. నేను న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటాను, ఉద్యోగరీత్యా భూపటాల సాఫ్ట్‌వేర్‌తోనే రోజంతా పని, కాబట్టి పటం గీయడం తప్ప నా చేతనైనది మరొకటి లేదు.

ఏం గీయాలన్నది మాత్రం కిందటి దీపావళి విందులోనే తేలిపోయింది. మాదకద్రవ్యాల కేసుల్లో నల్లవారే ఎందుకు ఎక్కువగా జైళ్లలో ఉంటారన్న మాట వచ్చినప్పుడు, నాకు బాగా తెలిసిన ఒకాయన, ‘‘వాళ్లు ఎక్కువ అమ్ముతారు, అందుకని ఎక్కువమంది దొరుకుతారు. చట్టంలో రంగు మాటే లేదు కదండీ’’ అన్నారు. చట్టంలో రంగు మాట లేదన్నది నిజం. ఆ నిజాన్ని అలాగే ఉంచి, రంగు మాట లేని ఒక చట్టాన్ని తీసుకుని, అది చెప్పిన కొలతను అది చెప్పినట్టే నేల మీద గీస్తే ఏం కనిపిస్తుందో చూడాలన్నదే ఈ ప్రాజెక్టు.

నేను ఎంచుకున్నది న్యూజెర్సీ 1987లో చేసిన పాఠశాల ప్రాంత చట్టం. బడి స్థలానికి 1000 అడుగుల లోపల మాదకద్రవ్యాలు అమ్మినా, పంచినా, అమ్మే ఉద్దేశంతో దగ్గర ఉంచుకున్నా అది విడిగా ఒక నేరం. కేవలం వాడకం కోసం దగ్గర ఉంచుకోవడం దీని కిందికి రాదు. పడిన శిక్షలో మూడో వంతు నుంచి సగం వరకు లేదా మూడేళ్లు, వీటిలో ఏది ఎక్కువైతే అంతకాలం పెరోల్ (గడువుకు ముందే షరతులతో విడుదల) లేకుండా లోపలే గడపాలని అప్పుడు రాశారు. ఔన్సు కన్నా తక్కువ గంజాయి అయితే ఆ కనీసం ఒక సంవత్సరం. బడి దగ్గర్లో ఉందని తెలియదన్నా, ఆ వేళకు బడి మూసి ఉందన్నా, చుట్టుపక్కల పిల్లలెవరూ లేరన్నా అది వాదనగా చెల్లదని చట్టంలోనే రాశారు. ఈ 1000 అడుగులన్న అంకె న్యూజెర్సీ సొంతం కూడా కాదు. 1984లో సమాఖ్య ప్రభుత్వం, అంటే అమెరికా కేంద్ర ప్రభుత్వం, చేసిన చట్టంలోనే ఉంది.

జనవరి 5, ఆదివారం

మొదటి రోజే సిగ్గుపడే తప్పు చేశాను. బడుల బిందువులున్న ఫైలును దింపుకుని, ప్రతి బిందువు చుట్టూ 1000 దూరంతో వృత్తం గీయమని క్యూజిస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌కు చెప్పాను. తెర మొత్తం ఎర్రగా అయిపోయింది. ఫైలు అక్షాంశ రేఖాంశాల్లో ఉన్నందువల్ల నేను అడిగిన వెయ్యి, అడుగులుగా కాక డిగ్రీలుగా వెళ్లింది. భూగోళం చుట్టూ తిరిగితేనే 360. పదకొండేళ్లుగా ఈ పని చేస్తున్న దాన్ని, కొత్తగా చేరిన పిల్లలకు మొదటి వారం నేర్పే పాఠం నేనే మరిచాను. అడుగుల్లో కొలిచే న్యూజెర్సీ స్టేట్ ప్లేన్ కొలమానానికి, అంటే 3424 కోడుకు, ఫైలును మార్చాక అడుగులు అడుగులుగా వచ్చాయి.

నాన్నగారు తెనాలి నుంచి వచ్చి రెండు నెలలైంది. సర్వే శాఖలో ముప్పై మూడేళ్లు చేసి రిటైరైన మనిషి. బయట మంచు వల్ల నడక మానేసి, కాఫీ గ్లాసుతో నా వెనక నిలబడి అంతా చూశారు. వెయ్యి అడుగులంటే ఎంతో ఆయన గొలుసుల్లో చెప్పుకున్నారు: గొలుసు 66 అడుగులు, కాబట్టి పదిహేను గొలుసుల పదిహేను లింకులు. తర్వాత అడిగారు: ‘‘ఎక్కడి నుంచి ఎక్కడికమ్మా కొలుస్తారు?’’

నా దగ్గర జవాబు లేదు. మన దగ్గర బడికీ గుడికీ 100 మీటర్ల లోపు మద్యం దుకాణం పెట్టకూడదన్న నిబంధన కింద కొలతకు వెళ్లినప్పుడు, దుకాణం గుమ్మం మధ్య నుంచి బడి గేటు మధ్య వరకు మనిషి మామూలుగా నడిచే దారి వెంట టేపు పట్టేవారమని ఆయన చెప్పారు. దారి చుట్టు తిరిగితే దూరం పెరుగుతుంది, దుకాణదారుకు లాభం. ఇక్కడి చట్టపాఠం తీసి మళ్లీ చదివాను. బడి గేటు మాట అందులో లేదు. బడి ‘స్థలానికి’ 1000 అడుగుల లోపల అని ఉంది. అంటే కొలత స్థలపు హద్దు నుంచి మొదలవుతుంది. నేను బిందువుల చుట్టూ గీసిన వృత్తాలన్నీ పనికిరానివే.

ఇది చిన్న తేడా కాదు. ఒక బిందువు చుట్టూ 1000 అడుగుల వృత్తం గీస్తే దాని వైశాల్యం 72 ఎకరాలు. అదే బడి స్థలం 400 అడుగుల పొడవు, 400 అడుగుల వెడల్పు ఉన్న చతురస్రమైతే, దాని హద్దు నుంచి నాలుగు వైపులా 1000 అడుగులు పోయేసరికి 112 ఎకరాలు దాటుతుంది. మూడున్నర ఎకరాల పైచిలుకు బడి, దానికి ముప్పై రెట్ల నిషిద్ధ నేల. నాన్నగారు ఇదే లెక్కను పాత దినపత్రిక అంచు మీద పెన్సిలుతో వేసి సరిచూశారు. నాలుగు మూలలకు వచ్చే పావు వృత్తాలను కలిపితే ఒక నిండు వృత్తం అవుతుందని నాకన్నా ముందే గమనించారు.

జనవరి 11, శనివారం

బిందువులు పక్కనపెట్టి, రాష్ట్రం బహిరంగంగా ఇచ్చే స్థలాల హద్దుల పొరను దింపుకున్నాను. న్యూజెర్సీలో పన్ను లెక్కల కోసం ప్రతి స్థలానికి ఒక తరగతి కోడు ఉంటుంది. 15ఏ అంటే ప్రభుత్వ పాఠశాల స్థలం, 15బీ అంటే ఇతర విద్యాస్థలం. చట్టం ప్రైవేటు, చర్చి బడులకు కూడా వర్తిస్తుంది కాబట్టి రెండూ కావాలి. అయితే అది ప్రాథమిక, ఉన్నత పాఠశాలలకే గాని కళాశాలలకు కాదు కాబట్టి 15బీలో వాటిని ఏరి తీసేయాలి. నెవార్క్ నగరపు ఫైలులో ఒక్కొక్క వరుసా చూసి ఏరడానికి మధ్యాహ్నమంతా పట్టింది. బడులు అద్దెకు తీసుకున్న భవనాలకు కూడా చట్టం వర్తిస్తుందని మరో మెలిక ఉంది. అద్దె భవనానికి బడి కోడు ఉండదు. అంటే నా పటం చట్టం చెప్పినదాని కన్నా కాస్త తక్కువే చూపిస్తుంది, ఎక్కువ చూపించదు. ఈ సంగతి పటం అడుగున రాయాలి.

హద్దుల చుట్టూ 1000 అడుగులు తీసి, ఒకదాని మీద ఒకటి ఎక్కిన ముక్కలన్నిటినీ కలిపేశాను. నెవార్క్‌ను ఇదివరకు ఎన్నోసార్లు గీశాను, నీటిగొట్టాల పటాల్లో. ఇలా ఎన్నడూ చూడలేదు. పడమర, దక్షిణ, మధ్య వార్డుల్లో ఎరుపు ఒకే దుప్పటిలా పరుచుకుంది. మధ్యమధ్య తెల్లని చిల్లులు, కొన్నిచోట్ల అర వీధి వెడల్పు మాత్రమే. పెద్ద తెల్లని నేల అంటూ ఉన్నది తూర్పున, విమానాశ్రయం, ఓడరేవు ఉన్న చోట. అక్కడ నివసించేది ఎవరూ లేరు.

లెక్క కూడా ఇదే చెబుతుంది. నెవార్క్ నేల సుమారు 24 చదరపు మైళ్లు, అంటే 15,360 ఎకరాలు. ఒక్కో బడికి 112 ఎకరాల చొప్పున ఒకదాని మీద ఒకటి పడకుండా పరచగలిగితే 137 బడులతో నగరమంతా నిండిపోతుంది. మూడు లక్షల పైచిలుకు జనం ఇరుకిరుకుగా నివసించే చోట బడులు దగ్గర దగ్గరగానే ఉంటాయి, ఉండాలి కూడా. పల్లెప్రాంతపు టౌన్‌షిప్‌లో బడి ఒకటో రెండో ఉంటాయి, వాటి చుట్టూ మొక్కజొన్న చేలు.

జనవరి 12, ఆదివారం

ఎర్రని నేల నగరంలో ఎంత శాతమో గోడ మీద పెట్టాలా వద్దా అని నిన్న రాత్రంతా నాలో నేను వాదించుకున్నాను. విమానాశ్రయాన్ని కలిపితే ఒక శాతం, తీసేస్తే మరొకటి. పైగా నావి నేటి బడులు. జనం శిక్షలు పడి జైళ్లకు వెళ్లిన కాలంలో ఉన్న బడులు వేరు. చివరకు నా అంకెను పెట్టకూడదని నిర్ణయించుకున్నాను. శిక్షల విధానాన్ని సమీక్షించడానికి రాష్ట్రమే నియమించిన సంఘం 2005లో ఇచ్చిన నివేదికలో ఈ పని నాకన్నా ముందే, నాకన్నా జాగ్రత్తగా జరిగింది. వాళ్ల లెక్కలో నిషిద్ధ ప్రాంతాలు నెవార్క్‌లో 76 శాతం, జెర్సీ సిటీలో 54, కామ్‌డెన్‌లో 52 శాతం నేలను కప్పేశాయి. మాన్స్‌ఫీల్డ్ అనే పల్లె టౌన్‌షిప్‌లో 6 శాతం. ఆ అంకెలే గోడ మీదికి వెళ్తాయి. ఆకారం ఎలా ఉంటుందో చూపించడానికే నా పటం.

అదే నివేదికలోని మరో అంకెను పెద్ద అక్షరాల్లో పెడుతున్నాను. ఈ చట్టం కింద జైలుకు వెళ్లినవారిలో 96 శాతం నల్లవారు లేదా హిస్పానిక్‌లు (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవారు). 2000 జనాభా లెక్కల్లో ఈ రెండు సమూహాలూ కలిపి రాష్ట్రంలో నాలుగో వంతు కన్నా కొంచెం ఎక్కువ.

ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టగానే, ఒకటి రెండోదానికి పూర్తి కారణమని చదివేవారు అనుకునే ప్రమాదం ఉంది. దాన్ని ఇక్కడే తేల్చుకోవాలి. పటం చూపేది చట్టం ఎక్కడ వర్తిస్తుందన్నది మాత్రమే. ఒకే పొట్లాన్ని ఒకే ధరకు అమ్మిన ఇద్దరిలో పల్లెలో అమ్మినవాడికి ఈ అదనపు శిక్ష పడే అవకాశం చాలా తక్కువ, నెవార్క్‌లో అమ్మినవాడికి చాలా ఎక్కువ. నగరాల్లో నల్లవారు ఎక్కువగా ఉండడం కూడా ఊరికే జరిగినది కాదు. 1930లలో గృహరుణాల కోసం సమాఖ్య సంస్థ గీయించిన పటాల్లో నల్లవారు ఉండే పేటలకు ఎరుపు పూసి, అక్కడ అప్పు ఇవ్వడం ప్రమాదమని రాశారు. నా పటంలో కూడా ఎరుపే వాడానని అప్పుడు గుర్తొచ్చి, వెంటనే ముదురు నారింజకు మార్చాను. అయితే ఆ నగరాల్లో శ్వేతజాతీయులూ ఉన్నారు, మత్తుమందులు కొనేవారూ అమ్మేవారూ వారిలోనూ ఉన్నారు. 96 అన్న అంకెకు నేల కొలత ఒక్కటే చాలదు. మిగిలినది మనుషులు చేసే ఎంపిక. దానికి రెండో పటం కావాలి.

జనవరి 18, శనివారం

సంక్రాంతి వారం, పని పెద్దగా సాగలేదు. ముగ్గులు వేసే చోటు లేక నాన్నగారు గుమ్మం ముందున్న మంచు మీద పసుపు, కుంకుమలతో చుక్కలు పెట్టారు. పక్కింటివారు ఫొటో తీసుకున్నారు.

సాయంత్రం చట్టం పని చేసే తీరు గురించి చదివాను. తప్పనిసరి కనీస శిక్ష అనగానే న్యాయమూర్తి చేతులు కట్టేసినట్టే గాని, ప్రాసిక్యూటర్ చేతులు కట్టెయ్యలేదు. నేరం ఒప్పుకుంటే ఆ కనీసాన్ని వదులుకునే, తగ్గించుకునే అధికారం చట్టం ఆయనకే ఇచ్చింది. ఒక్కో కౌంటీలో ఒక్కో బేరం నడుస్తుండగా, 1998లో బ్రిమేజ్ కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు జోక్యం చేసుకుని రాష్ట్రమంతటికీ ఒకే మార్గదర్శకాలు ఉండాలంది. నగరంలో మూడొంతులు నిషిద్ధ ప్రాంతమే అయినప్పుడు, అమ్మకం కేసులో దొరికిన దాదాపు ప్రతివాడి మీదా ఈ నేరం మోపవచ్చు. అప్పుడది పిల్లల రక్షణకు పెట్టిన గీతగా మిగలదు. బేరంలో ప్రాసిక్యూటర్ చేతిలో ఉండే బరువవుతుంది. మూడేళ్లు పెరోల్ లేకుండా గడపడమా, ఇప్పుడే సంతకం పెట్టడమా అని అడిగితే సంతకం పెట్టనివాళ్లు ఎంతమంది ఉంటారు?

చట్టం తన ఉద్దేశాన్ని తానే ఎలా పోగొట్టుకుందో కూడా ఆ 2005 నివేదిక చెప్పింది. బడి దగ్గర అమ్మితే శిక్ష ఎక్కువ, దూరంగా అమ్మితే తక్కువ అన్నప్పుడే అమ్మేవాడు బడికి దూరంగా జరుగుతాడు. ఎటు జరిగినా మరో బడి ప్రాంతంలోకే వెళ్తానని తెలిస్తే, జరగాల్సిన పని అతనికేముంది? పైగా నేల మీద ఆ గీత ఎక్కడా కనబడదు. మున్సిపల్ ఇంజనీరు గీసిన పటం కోర్టులో సాక్ష్యంగా చెల్లుతుందని చట్టం చెబుతుంది గాని, ఆ పటం వీధిలో నిలబడ్డ మనిషి చేతిలో ఉండదు.

జనవరి 19, ఆదివారం

రెండో పటానికి ఎక్కువ దూరం పోనవసరం లేకపోయింది. నేను రోజూ ఆఫీసుకు వెళ్లే టోలు రహదారి, న్యూజెర్సీ టర్న్‌పైకే అది.

1980ల నుంచి మాదకద్రవ్యాల రవాణాను రోడ్ల మీదే పట్టుకోవాలని హైవే పోలీసులకు ప్రత్యేక శిక్షణ ఇచ్చారు. ఏదో ఒక ట్రాఫిక్ తప్పుకు బండి ఆపడం, తర్వాత సోదాకు ఒప్పుకోమని అడగడం, ఇదీ పద్ధతి. టర్న్‌పైక్ దక్షిణ భాగంలో ఆపింది నల్లవారన్న కారణంతోనేనని కొందరు నిందితులు కోర్టుకెక్కారు. అది సొటో కేసు. వారి తరఫున టెంపుల్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ లాంబర్త్ లెక్క తీశారు. ఆయన పద్ధతి నాకు ఎంతో నచ్చింది, ఎందుకంటే ముందుగా ఆయన హారం సంపాదించారు. ఆపినవారిలో నల్లవారు ఎంతమంది అన్నది లవం మాత్రమే. రోడ్డు మీద అసలు ఎంతమంది ఉన్నారు, వారిలో వేగం మీరుతున్నది ఎంతమంది అన్నది తెలియకుండా ఆ లవానికి అర్థం లేదు. దాని కోసం కొందరిని రోడ్డు పక్కన కూర్చోబెట్టి 42,000 పైగా బండ్లను లెక్కించారు. వేగం సంగతి తేల్చడానికి బండిని ఒకే వేగంతో నడుపుతూ, తమను దాటిపోయే బండ్లను, తాము దాటిన బండ్లను రాసుకున్నారు.

వచ్చిన ఫలితం ఇది. రోడ్డు మీద నల్లవారున్న బండ్లు 13.5 శాతం. వేగపు పరిమితిని మీరుతున్న బండ్లు 98 శాతం పైగా; ఆ మీరినవాటిలో నల్లవారున్నవి 15 శాతం. పోలీసులు ఆపినవాటిలో మాత్రం 35 శాతం. 1996 మార్చిలో న్యాయమూర్తి రాబర్ట్ ఫ్రాన్సిస్ నిందితుల పక్షాన తీర్పు ఇచ్చారు. రాష్ట్రం అప్పీలుకు వెళ్లింది. 1998 ఏప్రిల్‌లో ఇదే రోడ్డు మీద ఆపిన వ్యానులోని నలుగురు నిరాయుధ యువకుల మీద ఇద్దరు ట్రూపర్లు (రాష్ట్ర పోలీసులు) కాల్పులు జరిపి ముగ్గురిని గాయపరచిన తర్వాతే విషయం కదిలింది. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయమే, ఈ వివక్ష ఊహ కాదు, వాస్తవమేనని ఒప్పుకుంటూ నివేదిక ఇచ్చింది. ఒప్పుకోలుతో చేసిన సోదాల్లో ప్రతి నాలుగింటిలో మూడింటికి పైగా నల్లవారి, హిస్పానిక్‌ల మీద జరిగినవేనని అందులో ఉంది. అప్పీలు ఉపసంహరించుకున్నారు. 1999 డిసెంబరు నుంచి దాదాపు పదేళ్లు రాష్ట్ర పోలీసులు సమాఖ్య పర్యవేక్షణలో పనిచేశారు.

98 శాతం అన్న అంకె దగ్గరే చాలాసేపు ఆగిపోయాను. దాదాపు అందరూ మీరే నియమం ఉన్నచోట, ఎవరిని ఆపాలన్నది నియమం చెప్పదు, ఆపేవాడే చెప్పాలి. నగరమంతా బడి ప్రాంతమే అయినప్పుడు జరిగిందీ సరిగ్గా ఇదే. రెండు పటాలనూ కలిపే దారం దొరికింది. ట్రాఫిక్ తప్పు నిజంగా ఉన్నంతవరకు, ఆపడం వెనకున్న అసలు ఉద్దేశం ఏదైనా ఆ ఆపడం చెల్లుతుందని అమెరికా సుప్రీంకోర్టు కూడా అదే 1996లో వ్రెన్ కేసులో చెప్పింది.

మర్నాడు చేర్చినది: సోమవారం ఉదయం ఆఫీసుకు వెళ్తూ రాసి ఉన్న పరిమితిలోనే, కుడివైపు వరుసలో నడిపి చూశాను. ఒక్క బండి కూడా నా వెనక మిగల్లేదు. సిమెంటు లారీ డ్రైవరు హారను కొట్టి మరీ దాటిపోయాడు.

జనవరి 25, శనివారం

వాడకం సంగతి లేకుండా దీపావళి నాటి పెద్దమనిషికి జవాబు పూర్తి కాదు. 2010లో గంజాయి దగ్గర ఉంచుకున్నందుకు దేశవ్యాప్తంగా జరిగిన అరెస్టులు ప్రతి లక్షమంది నల్లవారికి 716, శ్వేతజాతీయులకు 192. భాగిస్తే 3.73 రెట్లు. అదే ఏడాది సర్వేలో గంజాయి వాడామని చెప్పినవారు నల్లవారిలో 14 శాతం, శ్వేతజాతీయుల్లో 12 శాతం. పౌరహక్కుల సంస్థ అమెరికన్ సివిల్ లిబర్టీస్ యూనియన్ 2013లో అచ్చువేసిన ఈ లెక్కను ఒక చిన్న పలక మీద పెట్టాను. ఇవి వాడకం, అరెస్టుల అంకెలు, అమ్మకానివి కావు. అందువల్ల పాఠశాల పటం పక్కన కాక కాస్త ఎడంగా పెట్టాను. ప్రశ్న వేసేవారు తప్పకుండా ఉంటారు, ఉండాలి.

మధ్యాహ్నం ప్రదర్శనలోని మూడో భాగానికి ప్రయోగం చేశాం. 1986లో అమెరికా కాంగ్రెస్, బాస్కెట్‌బాల్ ఆటగాడు లెన్ బయాస్ కొకైన్ వల్ల చనిపోయిన కొద్ది నెలలకే, హడావుడిగా చేసిన చట్టంలో ఐదేళ్ల కనీస శిక్షకు పొడి కొకైన్ అయితే 500 గ్రాములు, క్రాక్ అయితే 5 గ్రాములు అని పెట్టింది. క్రాక్ అంటే అదే పొడిని వంటసోడాతో, నీటితో వేడిచేసి గట్టిపరచినది. వంటింటి త్రాసు మీద ఒక గిన్నెలో 500 గ్రాముల పంచదార పోశాను, మరో గిన్నెలో 5 గ్రాములు. ఐదు గ్రాములకు చెంచా పట్టుకుంటే సరిపోయింది. గిన్నె అడుగు కూడా కనబడకుండా పోలేదు. గోడకు మాటలు అక్కర్లేదు, ఈ రెండు గిన్నెలే పెడదామన్నారు నాన్నగారు. చీమలు పడతాయని నేను ఉప్పుకు మార్చాను.

ఈ తేడాను తీసేయమని సమాఖ్య శిక్షల సంఘం 1995లోనే చెప్పినా కాంగ్రెస్ తోసిపుచ్చింది. 1992లో సమాఖ్య కోర్టుల్లో క్రాక్ కేసుల్లో శిక్ష పడినవారిలో 91.4 శాతం, 2006లో 81.8 శాతం నల్లవారు. 2010లో 5 గ్రాములను 28 చేశారు, అంటే వందకు ఒకటి పోయి పద్దెనిమిదికి ఒకటి వచ్చింది. పాత శిక్షలు అనుభవిస్తున్నవారికి ఆ మార్పు వర్తించడానికి 2018 దాకా ఆగాల్సి వచ్చింది. పూర్తిగా సమానం చేసే బిల్లు 2021లో ప్రతినిధుల సభలో 361 ఓట్లతో నెగ్గి, సెనేట్‌లో ఆగిపోయింది.

ఒక హెచ్చరిక పలక కూడా రాశాను. సమాఖ్య జైళ్లలో మాదకద్రవ్యాల కేసులవారు దాదాపు సగం ఉంటారు గాని, అంతకు ఎన్నో రెట్ల ఖైదీలున్న రాష్ట్ర జైళ్లలో వారు ఏడింట ఒక వంతుకు అటూఇటూ. ఈ కేసులన్నిటినీ రేపు కొట్టేసినా జైళ్లలో జాతి తేడా పోదు. న్యూజెర్సీలో నల్లవారిని జైల్లో పెట్టే రేటు శ్వేతజాతీయుల రేటుకు 12 రెట్లు. దేశంలో అంత తేడా ఇంకే రాష్ట్రంలోనూ లేదని 2016లో, మళ్లీ 2021లో శిక్షల తీరును పరిశోధించే సెంటెన్సింగ్ ప్రాజెక్ట్ అనే సంస్థ లెక్క తేల్చింది. దాని గురించి నా ప్రదర్శన చెప్పగలిగేది కొంతే.

ఫిబ్రవరి 1, శనివారం

అచ్చు వచ్చింది. అంగుళానికి 1000 అడుగుల లెక్కన 36 అంగుళాల రోలు మీద నెవార్క్ నిండుగా పట్టింది. ఈ లెక్కలో పెద్ద సుఖం ఏమిటంటే, 1000 అడుగుల వృత్తం సరిగ్గా రెండంగుళాల బిళ్ల అవుతుంది. పారదర్శకమైన నారింజ ప్లాస్టిక్ షీటు నుంచి నాన్నగారు అలాంటి బిళ్లలు అరవై కోశారు. నిషిద్ధ ప్రాంతాలు ముందే పూసి ఉన్న పటం గోడ మీద ఉంటుంది. బల్ల మీద బడి స్థలాలు మాత్రమే ఉన్న ఖాళీ పటం, బిళ్లలు. వచ్చినవారు ఎవరికి వారే పేర్చుకోవాలి. హద్దు నుంచి కొలిస్తే అసలు ప్రాంతం ఇంకా పెద్దదని పక్కన రాశాం.

నిషిద్ధ దూరాన్ని 200 అడుగులకు తగ్గించి, ఆ లోపల శిక్షను పెంచమని 2005 నివేదిక ఇచ్చిన రాష్ట్ర సంఘం సిఫారసు చేసింది. వ్యాసార్ధం ఐదో వంతు అయితే వైశాల్యం ఇరవై ఐదో వంతు: 72 ఎకరాల వృత్తం మూడెకరాల కన్నా తగ్గిపోతుంది. శాసనసభ ఆ దారి పట్టలేదు. 2010 జనవరిలో గవర్నరు కోర్జైన్ సంతకంతో దూరం అలాగే ఉండి, కనీస శిక్షను తగ్గించే లేదా వదిలేసే అధికారం న్యాయమూర్తికి వచ్చింది. బడి ఎంత దగ్గర, అప్పుడు బడి నడుస్తోందా, పిల్లలు ఉన్నారా అన్నది ఆయన చూడాలి. 1987లో చెల్లని వాదనలుగా రాసినవే 2010లో చూడవలసిన సంగతులయ్యాయి. బడి ఆవరణలోనే జరిగినా, తుపాకీ ఉన్నా, హింస ఉన్నా ఆ వెసులుబాటు లేదు. 2021 మేలో హింసలేని మాదకద్రవ్యాల కేసుల్లో కనీస శిక్షలను వదులుకోమని రాష్ట్ర అటార్నీ జనరల్ ప్రాసిక్యూటర్లకు ఆదేశమిచ్చారు. చట్టంలో ఆ 1000 మాత్రం చెరిగిపోలేదు.

200 అడుగులకు మా లెక్కలో పది మిల్లీమీటర్ల బిళ్ల కావాలి. అంత చిన్నది కత్తెరకు లొంగలేదు, అంచులు చిరిగాయి. నాన్నగారు కుట్టుపెట్టె వెతికి చొక్కా గుండీలు తీసి స్కేలు మీద పెట్టి చూశారు. పదకొండు మిల్లీమీటర్లు. ‘‘ఒక మిల్లీమీటరు సర్వేలో పోయినట్టే లెక్క’’ అన్నారు.

ఫిబ్రవరి 8, శనివారం

ఈ వారం బల్ల దగ్గర రెండు పూటలు కూర్చున్నాను. పెద్దలు గోడ చదివి వెళ్లిపోతారు. పిల్లలే బిళ్లలు పేరుస్తారు. ఒక పదేళ్ల పాప అరవై బిళ్లలూ వాడేసి, ఇంకా బడులు మిగిలి ఉన్నాయని మరికొన్ని అడిగింది. ఇంకో అరవై కోయాలి. నెవార్క్‌లో పుట్టి పెరిగానని చెప్పిన ఒక పెద్దావిడ వేలితో తన వీధిని వెతుక్కుని, అది మూడు ప్రాంతాలు ఒకదాని మీద ఒకటి పడిన చోట ఉండడం చూసి, ఈ గీత సంగతి తనకు ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదని అంది. ఆ మూడు బడుల్లో ఒకటి తను చదువుకున్న బడి, ఎప్పుడో మూసేశారని కూడా చెప్పింది. ఇంటికి వచ్చి ఫైలు తీసి చూస్తే ఆ స్థలానికి ఇంకా 15ఏ అనే ఉంది. బడి లేకపోయినా పాఠశాలల బోర్డు స్థలంగా దాన్ని ఉంచాలా తీసేయాలా అన్నది చట్టపాఠంలోని ‘బడి అవసరాలకు వాడే’ అన్న మాట మీద ఆధారపడుతుంది. ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయో వచ్చే ఆదివారం వరుసగా చూడాలి.

దీపావళి నాటి పెద్దమనిషి గురువారం వచ్చారట, నేను లేనప్పుడు. నాన్నగారు ఉన్నారు. ఏమన్నారని అడిగితే, చాలాసేపు ఉప్పు గిన్నెల దగ్గర నిలబడ్డారని, తర్వాత ఖాళీ పటం మీద గుండీలు పేర్చారని చెప్పారు. ఆరు గుండీల్లో ఇప్పుడు నాలుగే ఉన్నాయి.